పిల్ల ఎత్తు కందిపప్పు

ఉప్పు అని మొక్కుకుని ఉంటే ఎప్పుడో తీరిపోయేది. ఉప్పు కాకపోతే గుమ్మడికాయలు. మా వీధిలో ఒకరు కొడుక్కి గుమ్మడికాయలు మొక్కి, బాగా కాసిన ఏడాది చేనిగట్టు మీంచే కోసుకొచ్చి తూచేసి చేతులు దులుపుకున్నారు. నేను మాత్రం కందిపప్పు అన్నాను. పిల్లను బతికించు స్వామీ, దాని ఎత్తు కందిపప్పు నీకు తూస్తాను అన్నాను. ఎప్పుడు తూస్తానో చెప్పలేదు, అప్పటికి పిల్ల ఎంత బరువుంటుందో ఆలోచించలేదు, పప్పు ధర ఎంతుంటుందో అసలే ఆలోచించలేదు. ఆ మాట అన్న పదిహేనేళ్ళకు ఇదిగో ఇవాళ అహోబిలంలో, గుడి అవతల సత్రం వరండాలో, పప్పు మూటకు వీపు ఆనించి కూచుని మా వంతు కోసం చూస్తున్నాను. వరండా దూలానికి పెద్ద తక్కెడ వేలాడుతోంది. ఒక తట్టలో మనిషి కూచుంటారు, ఇంకో తట్టలో మొక్కిన సరుకు పోస్తారు, మనిషి తట్ట నేల విడిచి లేస్తే మొక్కు తీరినట్టు. ఆ సరుకంతా సత్రంలో అన్నదానానికి పోతుంది. మా ముందు ఇంకా చాలామంది ఉన్నారు, గంటైనా పడుతుంది. నా పక్కన నా కూతురు సాహితి గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. పదిహేడేళ్ళ పిల్ల. ఈ పప్పు ఆ పిల్లను లేపుతుందా లేదా అన్నదొక్కటే ఇప్పుడు నా ప్రాణం మీద కూచుని ఉంది.

పోయిన ఎండాకాలం దాన్ని కర్నూలు మండీకి తీసుకుపోయి, ధాన్యం మూటలు తూచే కాటా మీద నిలబెట్టాను. హమాలీలు నవ్వారు. నవ్వితే నవ్వారు, అంకె తెలిసింది, యాభై ఒకటి. ఆ అంకెను కొంగున కట్టుకున్నట్టు ఇంటికి తెచ్చుకుని, వారం వారం నా బండి మీద మిగిలిన దాంట్లోంచి ఒక కేజీ, ఒక్కో వారం రెండు కేజీలు, ఒక్కో వారం ఏమీ లేకుండా, కొంటూ కొంటూ వేపాకు పరిచిన రేకు డబ్బాలో పోస్తూ వచ్చాను. ఒకేసారి కొనే తాహతు మాకు లేదు. ఉన్నా ఆ మొత్తం ఒక్కసారిగా వింటే నా గుండె ఆగేది. ఎదిగే పిల్ల కదా, ఈ ఏడాదిలో పెరిగి ఉంటుంది కదా అని పైన ఇంకో రెండు కేజీలు వేశాను. అయినా నిన్నటి నుంచి భయం. పదిహేడేళ్ళ పిల్ల ఏడాదిలో రెండు కేజీలే పెరుగుతుందా, మూడు పెరిగితే, నాలుగు పెరిగితే? తక్కెడ మీద కూచున్నాక పప్పు చాలక ఆగిపోతే ఆ లోటు పిల్ల ఆయుష్షులో పడుతుందని మా అత్త, అంటే పిల్ల జేజి, పోయేదాకా చెబుతూనే ఉండేది. చదువుకున్నవాళ్ళు నవ్వుతారు, హమాలీలు నవ్వినట్టే. వచ్చే నెల ఇది కడపలో నర్సింగు చదవడానికి పోతోంది. ఇల్లు దాటేలోపు ఈ బాకీ దాని నెత్తిన లేకుండా చెయ్యాలి. మా ఆయన సుబ్బయ్య, ఒకవేళ తక్కువైతే ఎట్లా అని, బయటి కొట్లలో పప్పు ధర అడిగి రావడానికి పోయాడు. జేబులో తిరుగు బస్సు చార్జీ తప్ప ఏమీ లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ధర అడగడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు, ఇంకా ఊరికే దొరుకుతున్నది అదొక్కటే.

ఏడాదిన్నర పిల్ల అప్పుడు. వాంతులు, విరేచనాలు, కళ్ళు లోపలికి పోయాయి. కర్నూలు ఆసుపత్రిలో నర్సమ్మ దాన్ని బిడ్డల తక్కెడలో పడుకోబెడితే ముల్లు కదలడానికే బద్ధకించింది. ఏడు కేజీలు కూడా లేదు. నర్సమ్మ నా మొహం ఒకసారి చూసి దాన్ని మళ్ళీ నా చేతుల్లో పెట్టింది. తల నా ఎడమ మోచేతి మడతలో, కాళ్ళు నా కుడి అరచేతిలో. ఏడవడానికి కూడా దానికి సత్తువ లేదు. ఆ బరువును నా చేతులు ఇప్పటికీ మరిచిపోలేదు. బొరుగుల సంచి ఎత్తినా, నీళ్ళ బిందె ఎత్తినా, పక్కింటి బిడ్డను చంకనేసుకున్నా, దానికంటే ఎక్కువ, దానికంటే తక్కువ అని నా చేతులు వాటంతటవే చెబుతాయి. పక్క మంచం దగ్గర మనవడి కోసం వచ్చిన ఒక ముసలామె ఉండేది, నాగక్క. నేను రెండు రోజులుగా పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదని కనిపెట్టి, తన క్యారియర్ విప్పి పప్పన్నం ముద్ద కలిపి నా అరచేతిలో పెట్టింది. "తినుమే. నువ్వు పడిపోతే దాన్నెవరు జూస్తారు" అంది. అన్నం, కందిపప్పు, ఉప్పు, అంతే. ఆ ముద్ద గొంతు దిగి కడుపులో కూచున్నప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు దేవుడి ముందు నిలబడినా మళ్ళీ కలగలేదు. ఇంత చిన్న పచ్చటి పలుకులో మనిషిని నిలబెట్టే సత్తువ ఎవరు పెట్టారా అనిపించింది. బంగారం మొక్కేవాళ్ళు మొక్కుకోనీ, నాకు తెలిసిన గొప్ప వస్తువు అదే. కళ్ళు మూసుకుని అహోబిలం కొండ వైపు తిరిగి ఆ మాట అనేశాను. మా ఇంట్లో నా దాకా మూడు తరాలుగా ఆడపిల్లకు ఓబులమ్మ అనీ మగపిల్లాడికి ఓబులేసు అనీ ఈ స్వామి పేరే పెట్టుకుంటూ వచ్చాం, ఆ చనువుతో అన్నాను. అప్పుడు పప్పు కేజీ నలభై చిల్లర. నేను చాలా తెలివిగా మొక్కానని కూడా అనుకున్నాను.

పిల్ల లేచి నడిచిన ఏడే తూచేసి ఉంటే మూడు రోజుల కూలితో పోయేది. ఆ ఏడు వాన లేదు. మరుసటేడు అత్తకు ఆపరేషన్. ఆ మరుసటేడు అన్నీ బాగున్నాయి, కానీ పిల్ల పదమూడు కేజీలయింది, పప్పు డెబ్బై అయింది, సరే వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాం. వచ్చే ఏడు పిల్ల ఊరుకుంటుందా, పప్పు ఊరుకుంటుందా. ఇద్దరూ పందెం వేసుకున్నట్టు పెరిగారు. పిల్ల పెరిగితే మురిసిపోవాలా ఏడవాలా తెలియని తల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. పుట్టినరోజు నాడు తల మీద చెయ్యి పెట్టి ఎదుగు తల్లీ అనేదాన్ని, లోపల మాత్రం కాస్త మెల్లగా అనుకునేదాన్ని. ఒక ఏడు పప్పు రెండు వందలు దాటి మళ్ళీ దభీమని దిగింది. ఆ దిగిన ఏడు మా చేతిలో చిల్లిగవ్వ లేదు. ధరలు దిగినప్పుడు మేం ఉండం, మేం ఉన్నప్పుడు ధరలు దిగవు. ఇట్లా ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు. ఏ స్తంభం చూపించినా అందులో ఉన్నాడని పసివాడు చెప్పిన దేవుడి కొండ ఇది. ధర కూడా అట్లాగే కనిపిస్తుంది నాకు. అగ్గిపెట్టెలో ఉంది, పాల ప్యాకెట్లో ఉంది, జాకెట్టు హుక్కులో ఉంది, బస్సు టికెట్లో ఉంది, తలనొప్పి బిళ్ళలో ఉంది. కంటికి కనబడదు, చప్పుడు చెయ్యదు. పడుకుని లేచేసరికి నిన్నటి నోటు ఇవాళ చిన్నదైపోయి ఉంటుంది, అదే కాగితం, అదే బొమ్మ. ఎక్కడో యుద్ధమట, ఆ దేశం పేరు నాకు నోరు తిరగలేదు, వారం గడవకముందే నా బాణలిలో నూనె ప్యాకెట్టు రెండు వందలైంది. ఎవరు దారి చూపించారు దానికి, అన్ని సముద్రాలు దాటి ఓర్వకల్లులో ఓబులమ్మ బండి దాకా రావడానికి? తిట్టుకునేవాళ్ళు తిట్టుకుంటారు, నాకు మాత్రం తిట్టబోయే ముందు నోరు తెరుచుకుని చూడబుద్ధవుతుంది. ఇంత పెద్దది, ఇంత దూరం నుంచి, ఇంత చిన్న నన్ను వదిలిపెట్టలేదు.

నా బండి ఓర్వకల్లు రోడ్డు మీద, రాళ్ళ కొండలకు మలుపు తిరిగే చోట ఉంటుంది. పొద్దున్నే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిగడ్డ పోపులో వేసి, పుట్నాల పొడి చల్లితే ఉగ్గాణి. ప్లేటు పది రూపాయలతో మొదలుపెట్టాను, ఇప్పుడు నలభై. కానీ ఆ పదికీ ఈ నలభైకీ మధ్య ఎన్ని దొంగ మెట్లున్నాయో బండి పెట్టుకున్నవాళ్ళకే తెలుసు. మొదట ధర పెంచం. మిరపకాయ కాస్త చిన్నది ఏరతాం. తర్వాత శనగపిండి పలచన చేస్తాం. తర్వాత నిమ్మకాయ చెక్క రెండు ముక్కలవుతుంది. తర్వాత ప్లేటే మారుస్తాం, చూడ్డానికి అదే, అడుగు పైకి ఉంటుంది. ఆ తర్వాత ఇంక దాగడానికి చోటు లేక ఒక రోజు పలక మీద అంకె మార్చి, ఆ పొద్దంతా ఎవరి మొహమూ చూడకుండా తల వంచుకుని బజ్జీలు వేస్తాం. ఉల్లిగడ్డ వంద దాటిన నెల నేను క్యాబేజీ సన్నగా తరిగి కలిపాను. బండలు కొట్టే ఏసేపు ఒక ముద్ద తిని ప్లేటు పైకెత్తి చూశాడు. "ఏందక్కా, ఉల్లిగడ్డ యాడుండాది ఇందులో?" అన్నాడు. "ఉండాదప్పా, ఎతుక్కో. దొరికితే నాగ్గూడా జెప్పు" అన్నాను. అందరూ నవ్వారు, తిన్నారు. మరుసటి రోజు ఏసేపు చొక్కా జేబులోంచి రెండు ఉల్లిగడ్డలు తీసి బండి మీద పెట్టి, ఇవి నా ప్లేట్లోకి అన్నాడు. ఇదే కర్నూలు మార్కెట్టులో కొనేవాడు లేక రైతులు ఉల్లిగడ్డలు రోడ్డు మీద కుప్పపోసి పోయిన ఏడాదినీ చూశాను, ఒక మనిషి రెండు గడ్డల్ని గుండెకానించుకుని తెచ్చిన ఏడాదినీ చూశాను. ఇద్దరు కలిసి ఒక ప్లేటు, రెండు చెంచాలు అడుగుతారిప్పుడు. టీ సగం సగం. ఒక బండి మీద ముగ్గురు పనికి పోతారు. ఏదో ఒకటి తగ్గించుకుంటారు, కాస్త పక్కకు జరుగుతారు, నవ్వుతారు, తెల్లారేసరికి మళ్ళీ వస్తారు. ఎట్లా బతుకుతున్నారో అని నేను వాళ్ళను చూసి అబ్బురపడతాను, వాళ్ళు నన్ను చూసి అదే అనుకుంటారేమో.

వరుస కొంచెం ముందుకు జరిగింది. మూటను లాగి నేనూ జరిగాను. సాహితి కళ్ళు తెరవకుండానే నాతోపాటు జరిగి మళ్ళీ గోడకు ఆనుకుంది. అట్లా తల వెనక్కి వాల్చిన పిల్లను తేరిపార చూశాను. ఏడు కేజీల పిల్ల ఇది. మిగతాదంతా ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరో తెచ్చి పెట్టింది కాదు, నా చేత్తో నేను ముద్ద ముద్దగా పోసిందే, ఇన్నేళ్ళ ధరలన్నిటికీ అడ్డం పడి, కసురుకుని, బేరమాడి, దాచి, పోసిందే. ఆ ముంజేతులు రూపాయికి స్టోరు బియ్యం వచ్చిన ఏళ్ళవి. మోకాళ్ళు కరువేళ్ళవి, అందుకే అంత ఎముక. ఆ జుట్టు బడిలో గుడ్డు పెట్టడం మొదలైన తర్వాతిది, అంతకుముందు ఎలుకతోక లాగా ఉండేది. వెడల్పు భుజాలు లాక్‌డౌన్‌లో బండి మూసి, అమ్ముడుపోని బొరుగుల్నే మూడు పూటలా తిన్న నెలల్లో వచ్చాయి, ఎట్లా వచ్చాయో ఆ దేవుడికే తెలియాలి. నూనె రెండు వందలైన ఏడాది ఇది పెద్దమనిషైంది, ఆ ఏడే చెంపలు నిండాయి. ధర పెరిగిన ప్రతి ఏడూ ఇదీ పెరిగింది. ఒక్క ఏడైనా ఆగలేదు. ఇంత ఖరీదైన వస్తువు ఓర్వకల్లులో ఏ ఇంట్లోనైనా ఉందా అనుకున్నాను, గర్వంగా అనుకున్నాను. మెడ కింద, రెండు వైపులా, నీళ్ళు పోస్తే నిలిచేటంత గుంటలు కనబడ్డాయి. అవి ఏ ఏడాదివో నాకు గుర్తు రాలేదు.

పరీక్షల చదువులో చిక్కింది. ఆ వయసులో నేనూ కట్టెపుల్లనే. మట్టిగాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి, సైజు తప్పు కొన్నానేమో. చుడీదారుకు పక్క కుట్లు తనే వేసుకుంది, అడిగితే ఇప్పుడంతా ఇట్లే ఏసుకుంటారు మా అంది. ఉగాది ముందు నుంచి పప్పు ముట్టడం లేదు. నాకు పప్పంటే మొహం మొత్తింది మా, చారు పొయ్యి చాలు అంది. ఎదిగిన పిల్లలకు నోటికి ఏదో ఒకటి సయించదు, దాని వంతు పప్పు తీసి నేను రేకు డబ్బాలో పోసుకున్నాను, సంతోషంగానే పోసుకున్నాను. టిఫిన్ డబ్బా రోజూ శుభ్రంగా కడిగి తెచ్చేది. తనూజ వాళ్ళింట్లో తిన్నా అనేది రాత్రి అన్నానికి పిలిస్తే. తనూజ దాని క్లాసుపిల్ల, వాళ్ళమ్మ మంచిది, ఎప్పుడైనా కనబడితే ఒక మాట చెప్పాలి అనుకున్నాను, ఈ పని ఒత్తిడిలో కుదరలేదు. కుదరని పనులు ఎన్నో ఉన్నాయి. నాది చిన్న తలకాయ, అందులో ఎప్పుడూ ఈ తక్కెడే. ఎముకలు కూడా బరువే తూగుతాయి కదా, చిక్కినట్టు కనబడే పిల్లలే కాటా ఎక్కితే ఎక్కువ చూపిస్తారు. అది తలుచుకుని మూటను ఇంకోసారి తడిమి చూశాను.

మా ముందు ఒకామె మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది, పక్కన బెల్లం బుట్ట. ఆళ్ళగడ్డ వైపు నుంచి వచ్చారట. చాలాసేపటి నుంచి మా మూటను, మా పిల్లను మార్చి మార్చి చూస్తోంది.

"ఏం తూస్తాండారు మే మీరు?"

"కందిపప్పు పెద్దమ్మా."

ఆమె సాహితిని తల నుంచి కాళ్ళ దాకా చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "శానా పెద్ద మొక్కే మొక్కినావు."

"మొక్కినప్పుడు శిన్నదే. మొక్కూ పెరిగె, పిల్లా పెరిగె" అన్నాను. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఆమె మనవడు తక్కెడ ఎక్కాడు, గుక్కపెట్టి ఏడ్చాడు. నాలుగు బెల్లం దిమ్మలకే గాల్లోకి లేచి, లేచినందుకు ఆశ్చర్యపోయి ఏడుపు ఆపేశాడు. అందరూ గోవిందా అన్నారు. నా పిల్లను కూడా అట్లా చంకనేసుకుని వచ్చి ఉంటే అయిపోయేది కదా అని ఒక్క నిమిషం అనుకున్నాను. ఇంతలో సుబ్బయ్య వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"కొట్లో కేజీ రెండు నూర్లకు పైనే చెప్తాండారు మే. గుడికాడ గదా, అట్లనే ఉంటాది."

"తక్కువైతే ఎట్ల మరి?"

ఆయన మూట వైపు చూశాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"తక్కువ గాదులే నాయనా" అంది సాహితి, కళ్ళు మూసుకునే. నిద్రపోతోందనుకున్నాను. నీకేం తెలుసే అన్నాను. కళ్ళు తెరవలేదు, పెదవుల చివర మాత్రం నవ్వింది.

తక్కెడ దగ్గరి పెద్దాయన మా వైపు చెయ్యి ఊపాడు. సాహితి లేచి చెప్పులు వదిలింది. జుట్టు పిన్నులు తీసి నా చేతిలో పెట్టింది. కాళ్ళ పట్టీలు విప్పింది, మట్టిగాజులు ముడుచుకున్న చేతిమీంచి ఊరికే జారిపోయాయి. వాటి బరువెంతే పిచ్చిదానా అని నవ్వాను. అది నవ్వలేదు, బడిలో పరీక్షకు కూచునేటప్పుడు ఉండే మొహంతో పోయి తట్టలో బాసింపట్టు వేసుకుని కూచుంది. దాని తట్ట నేలకు ఆనింది. సుబ్బయ్య మూట మూతి విప్పాడు. పెద్దాయన ఇత్తడి చేటతో పప్పు తోడి అవతలి తట్టలో పోయడం మొదలుపెట్టాడు. ఏడాదంతా నేను చీకటి డబ్బాలో చూసిన పప్పు ఆ వెలుతురులో పడుతుంటే పచ్చగా మెరిసింది. ఇంత ఉందా అనిపించింది, ఇంతేనా అనిపించింది. వారానికి ఒక కేజీ, ప్రతి చేటలో నా ఒక వారం పడుతోంది, బజ్జీ మానేసిన వానరోజులు, నూనె అరువు తెచ్చిన రోజులు, అన్నీ గలగలమని పడుతున్నాయి. మూట కుంగుతోంది. పిల్ల తట్ట కదల్లేదు. మూట సగానికి వచ్చింది, ఇంకా దిగింది. నేను మూటనే చూస్తున్నాను, పిల్లను చూసే ధైర్యం లేదు. స్వామీ, ఓబులేసా, ఒక్క గుప్పెడు కూడా తక్కువ కానీయకు, కావాలంటే ఆ తక్కువ నా ఆయుష్షులో తీసుకో. అట్లా అనుకుంటుండగా ఇనప గొలుసు కిర్రుమంది. తల ఎత్తి చూశాను. నా కూతురు నేలను వదిలి మెల్లగా పైకి లేస్తోంది.

"చాలు" అన్నాడు పెద్దాయన.

చాలు. ఇన్నేళ్ళలో ఏ తక్కెడ దగ్గరా, ఏ కొట్టు దగ్గరా నాకు ఎవరూ అనని మాట. గోవిందా అన్నారు చుట్టూ. లేచింది, నా పిల్ల లేచింది, కాళ్ళ కింద గాలి తప్ప ఏమీ లేకుండా, తల వెనక నుంచి కొండ కనబడుతుండగా, ఒక్క చిన్న ఊపుతో, ఏ ధరా పట్టుకోలేని ఎత్తులో. అంత గొప్ప దృశ్యం నేను పుట్టి చూడలేదు. పెద్దాయన మిగిలిన పప్పుతో మూట మూతి ముడేసి పక్కన పెట్టాడు. "ఇది మీదేనమ్మా, తీసకపోండి. స్వామికి సరిపోయిండాది" అన్నాడు. చూసినావా మే, ఊరికే భయపడితివి అని సుబ్బయ్య తువ్వాలు దులుపుకుని వెలిగిపోతున్నాడు. సాహితి తట్టలోంచి దిగుతూ దేవుడి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. ఆ మూట వైపు చూసింది. కళ్ళు మెరిశాయి.

"మిగిలిండాది గదా మా" అంది నా చెవిలో. "దాన్ని అమ్మితే ఒక నెల బండికి నూనొస్తాదా?"

నేను మూట ఎత్తుకున్నాను. ఎత్తుకోగానే అది దానంతటదే నా ఎడమ మోచేతి మడతలోకి ఒదిగింది, అడుగు నా కుడి అరచేతిలోకి వచ్చింది. ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఈ బరువు నాకు తెలుసు. ఆసుపత్రిలో నర్సమ్మ నా చేతుల్లో పెట్టిన బరువు ఇది. నేను పైన వేసిన రెండు కేజీలు పోను మిగతాదంతా ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. ఆ మెడ గుంటలు ఏ ఏడాదివో అర్థమైంది. కడిగిన టిఫిన్ డబ్బా, తనూజ వాళ్ళింటి అన్నం, మొహం మొత్తిన పప్పు, పక్క కుట్లు, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. నాకు దుఃఖం వచ్చింది, సిగ్గు వచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా, ఆ పిల్లను చూస్తుంటే, చేతులెత్తి మొక్కాలనిపించింది. పెరిగే ధరను ఎవరూ ఆపలేకపోయారు, నేను నా బండితో ఆపలేకపోయాను, టీవీలో మాట్లాడేవాళ్ళు ఆపలేకపోయారు. నా కూతురు ఒక్కతే, ఎవరికీ చెప్పకుండా, తన వైపు నుంచి తగ్గింది.

"ఎన్నాళ్ళ నుంచే?" అన్నాను.

తల వంచుకుంది. కాలి పట్టీ పెట్టుకుంటున్నట్టు నేల మీద వంగింది. "నువ్వు పొద్దన్నే లేచి డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకుంటాంటివి గదా మా. జేజి చెప్పిన మాటే రోజూ అంటాంటివి. తక్కువైతే యాడ పడిపోతావోనని."

కొట్టాలనుకున్నాను, చెయ్యి లేవలేదు. మూట ఉంది చేతుల్లో. సుబ్బయ్యకు ఏమీ చెప్పలేదు, బస్సులో చెబుతాను, ఆయన ఆ తువ్వాలు మొహాన కప్పుకుని ఏడుస్తాడు, ఇక్కడ ఇంతమందిలో వద్దు. పిల్లను సత్రం పంక్తిలో కూచోబెట్టాను. ఆకులో అన్నం పెట్టారు, పప్పు పోశారు, ఎవరి బిడ్డ ఎత్తో ఆ పప్పు, ఏ తల్లి ఎన్ని వారాలు కూడబెట్టిందో. సాహితి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మొహం మొత్తినవాళ్ళు అట్లా తినరు. వడ్డించే అతను ముందుకు పోబోతే పంచె పట్టుకుని ఆపాను. "ఇంగోసారి పొయ్యప్పా" అన్నాను. చాలు మా అంది అది. నువ్వు నోర్ముయ్యి అన్నాను.

దాని పక్కన గోడకు ఆనుకుని, మూటను ఒళ్ళో పడుకోబెట్టుకుని కొండ వైపు చూశాను. స్వామీ, నీ లెక్క సరిపోయిందన్నారు, ఇది మిగిలింది అన్నారు. నేను ఒప్పుకోను. ఇదీ నీదే, పిల్ల ఎత్తు అన్నాను కానీ పిల్లను తగ్గించి తూస్తానని నేను అనలేదు. ఈ పప్పు నూనెకు పోదు, బండికి పోదు. రోజూ వండి, ఎదురుగా కూచుని, ముద్ద ముద్దగా పిల్ల ఒంట్లోకే పోస్తాను. కడపకు పంపినా డబ్బాలో కట్టి పంపిస్తాను. వచ్చే ఏడు ఇదే తక్కెడ, ఇదే పిల్ల, మళ్ళీ కందిపప్పే, ఎంత ధర ఉంటే అంత ఉండనీ. మళ్ళీ వారం వారం కూడబెడతాను, మళ్ళీ మోసుకొస్తాను, మూట మూతి విప్పి ఆఖరి గింజ దాకా పోస్తాను. ఆ రోజు మాత్రం మూట ఖాళీ అయ్యేదాకా ఈ తక్కెడ దగ్గర ఎవరూ చాలు అనకూడదు స్వామీ.